ఊళ్ళు కదిలాయి, మంద మిగిలింది

శ్రీహరికోట పేరు చెప్పగానే మన చూపు ఆకాశం మీదికి పోతుంది. సహజమే మరి. 1980 జులై 18న ఎస్.ఎల్.వి-3 రాకెట్టు మన రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది ఇక్కణ్ణించే. 2023 జులై 14న చంద్రయాన్-3 చంద్రుడి దారి పట్టిందీ ఇక్కణ్ణించే. పిల్లల్ని డాబా ఎక్కించి ఆ మంటా, ఆ పొగా చూపించిన తల్లులు మీలో ఎందరో ఉంటారు. ఈ పూట మాత్రం కాసేపు చూపు కిందికి దించమని అడుగుతున్నాను. ఆ రాకెట్లు లేచిన నేల మీదే, చెట్ల మాటున, మెడలో పలుపు లేకుండా, ఏ ఇంటి పేరూ లేకుండా బతుకుతూ వచ్చిన ఆవుల మంద ఒకటుంది. రాకెట్ల చరిత్ర చాలామంది రాశారు. ఈ మంద చరిత్ర కూడా మనం తెలుసుకోదగినదే.

ముందు ఆ దీవి సంగతి చూద్దాం. శ్రీహరికోటకి తూర్పున బంగాళాఖాతం, పడమట పులికాట్ సరస్సు. మధ్యలో సన్నగా, పొడుగ్గా ఇసుకనేల. చాలాకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. ఇప్పుడు సూళ్ళూరుపేట నించి సరస్సు మీదుగా రోడ్డు ఉంది గాని, పూర్వం రాకపోకలన్నీ పడవల మీదనే. ఎండాకాలంలో కూడా ఆకు రాలని దట్టమైన అడవి ఆ దీవిలో ఉంది. మన కోరమాండల్ తీరం పొడుగునా ఒకప్పుడు ఉండి, ఇప్పుడు అక్కడక్కడ మాత్రమే మిగిలిన రకం అడవి అది. చుక్కల దుప్పులు, నక్కలు అందులో తిరుగుతాయి.

ఆ అడవి యానాదులది. తేనె తియ్యడం, దుంపలు తవ్వడం, మూలికలు గుర్తుపట్టడం వాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్యలు. 1835లో కుంఫిణీ ప్రభుత్వం దీవిని తన చేతుల్లోకి తీసుకుంది. యానాదుల చేత అడవి సరుకు పోగు చేయించి, బదులుగా ధాన్యం, బట్ట ఇచ్చే ఏర్పాటు చేసింది. మద్రాసు పట్నం పెరుగుతున్న కొద్దీ పొయ్యిలోకి కట్టెలు కావలసి వచ్చాయి. శ్రీహరికోట కట్టె బకింగ్‌హాం కాలవ మీద పడవల్లో మద్రాసు చేరేది. సరుగుడు తోటలు వేశారు. అంటే, ఎక్కడో మైలాపూరులో ఒకమ్మ అన్నం వండుకోవాలంటే ఇక్కడ శ్రీహరికోటలో ఒక చెట్టు పడాల్సిందే!

యానాదులతో పాటు వ్యవసాయం, పాడి చేసుకునే కుటుంబాలూ దీవిలో ఉండేవి. అడవి అంచున ఉండే ఊళ్ళలో పాడి ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. పాలిచ్చే ఆవు ఇంటి దగ్గర ఉంటుంది. వట్టిపోయిన ఆవుల్నీ, పెయ్యల్నీ అడవిలోకి తోలేస్తారు. ఈనే రోజులకి వెతికి తెచ్చుకుంటారు. సగం ఇంటిది, సగం అడవిది అన్నట్టు బతుకుతుంది ఆ పశువు.

1969లో రాకెట్ల కేంద్రానికి ఈ దీవిని ఎంచుకున్నారు. అందుకు గట్టి కారణాలే ఉన్నాయి. తూర్పు వైపు ఎగిరే రాకెట్టుకి భూమి తిరిగే వేగం కలిసివస్తుంది. కింద సముద్రమే కాబట్టి విరిగిపడే ముక్కల వల్ల మనుషులకి అపాయం ఉండదు. జనం తక్కువ. 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్టుతో కేంద్రం పని మొదలుపెట్టింది. తర్వాత 2002లో దానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. ఈ మధ్యలో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. యానాదుల కుటుంబాలు కొన్ని దీవిలోనే ఉండిపోయినా, తక్కిన జనం సరస్సు దాటి ఇవతలి గట్టుకి వచ్చేశారు.

మరి గొడ్లు? కొన్ని యజమానుల వెంట వచ్చాయి. కొన్ని రాలేదు. ఆ మిగిలిపోయినవే క్రమంగా అడవి పట్టాయి. వాటి దూడలకి మనిషి చెయ్యి తెలియదు. ఆ దూడల దూడలకి మనిషి అంటే భయం మాత్రమే తెలుసు. తర్వాతి కాలంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దీవిలోని పక్షుల్నీ జంతువుల్నీ పరిశీలించినప్పుడు, అడవి జంతువులతో పాటు ఈ అడవి పట్టిన ఆవుల్నీ రాసుకోవలసి వచ్చింది.

ఎందుకిలా జరిగింది? ఆ జనానికి దయ లేకనా? అలా అనుకుంటే తప్పు. అప్పటికి అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. ఆ చట్టం కొలిచేది భూమిని, భూమిని అంటిపెట్టుకుని ఉన్నవాటిని. ఇంటి గోడకి లెక్క ఉంది. చెట్టుకి లెక్క ఉంది. చేలో పైరుకి లెక్క ఉంది. కాళ్ళున్న ఆవుకి మాత్రం లెక్క లేదు, అది నడిచిపోగలదు గదా అని! నడిచి ఎక్కడికి పోవాలి? ఇవతలి గట్టున దాన్ని మేపడానికి బీడు ఏదీ? కట్టెయ్యడానికి కొట్టం ఏదీ? ఇంటిల్లిపాదికీ నీడ వెతుక్కునే రోజున, అడవిలో ఎక్కడో మేస్తున్న వట్టిపోయిన ఆవుని వెతికి, పట్టి, నీళ్ళు దాటించి తేవడం ఎవరి తరమవుతుంది?

విచిత్రం ఏమిటంటే, అప్పటికే మన దేశంలో ఇంకో చట్టం కూడా ఉంది. భరతనాట్యానికి పేరు తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా పట్టుబట్టిన ఫలితంగా 1960లో జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలూ ఆవిడే. సరైన కారణం లేకుండా పశువుని ఆకలిదప్పులకి వదిలెయ్యడం నేరమని ఆ చట్టం చెబుతుంది. అంటే, వదిలేస్తే తప్పని చెప్పే చట్టం ఒకటి ఉంది. వెంట తీసుకుపోయే వీలు కల్పించే చట్టం లేదు. ఈ రెంటికీ నడుమ ఉన్న సందులోంచే శ్రీహరికోట మంద అడవిలోకి జారిపోయింది.

ఇది ఒక్క మన దీవి కథే కాదు. లోకంలో "అడవి గుర్రాలు" అని మనం పిలిచేవాటిలో ఇంచుమించు అన్నీ ఇలా పుట్టినవే. ఇదే తీరాన తమిళనాడులో కోడియక్కరై ఉంది. అక్కడి అభయారణ్యంలో తిరిగే పొట్టి గుర్రాలు ఒకప్పటి పెంపుడు గుర్రాల సంతతి. అస్సాంలో డిబ్రూ-సైఖోవా అడవిలో గుర్రాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వదిలిపోయిన గుర్రాల పిల్లలని చెబుతారు. అమెరికాలో గుర్రాల జాతి ఏనాడో అంతరించింది. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు ఓడల్లో తెచ్చినవాటిలో తప్పిపోయినవీ, వదిలేసినవీ మైదానాలు నింపాయి. పులి పుట్టుకతోనే అడవిది. ఈ గుర్రం, ఈ ఆవు మాత్రం మన పెరట్లోంచి వెళ్ళినవి. అంచేత వాటి బాగోగుల్లో మనకి కొంత పూచీ ఉంది.

ఆ పూచీని ఇతరులు ఎలా తీర్చుకున్నారో చూద్దాం. శ్రీహరికోటకి అక్కచెల్లెలి లాంటి దీవి ఒకటి అమెరికా తూర్పు తీరంలో ఉంది. దాని పేరు అస్సాటీగ్. దాని పక్కనే వాలప్స్ అనే రాకెట్ల కేంద్రం. మన అబ్దుల్ కలాం గారు 1963లో శిక్షణకి వెళ్ళింది ఆ కేంద్రానికే. టిప్పు సుల్తాను సైన్యం రాకెట్లు వేస్తున్న బొమ్మ అక్కడ గోడ మీద చూసి ఆశ్చర్యపోయానని ఆయనే చెప్పారు. ఆ అస్సాటీగ్ దీవిలో పొట్టి గుర్రాలు వందల ఏళ్ళుగా స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. పశువుల మీద పన్ను, కంచెల ఖర్చు తప్పించుకోవడానికి పూర్వపు రైతులు అక్కడికి తోలినవాటి సంతతి అంటారు.

దీవి దక్షిణ భాగంలోని మంద పక్కనే ఉన్న షింకొటీగ్ అనే చిన్న ఊరి అగ్నిమాపక దళం వాళ్ళది. జీతాలు లేని, ఊరివాళ్ళే సొంతంగా నడుపుకునే దళం. వాళ్ళకి నీళ్ళు చల్లే యంత్రాలు కొనుక్కోడానికి డబ్బు కావాలి. 1920 ప్రాంతాల్లో ఊళ్ళో పెద్ద అగ్నిప్రమాదాలు జరిగాక వాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. ఏటా జులైలో గుర్రాల్ని సన్నటి సముద్రపు పాయలో ఈదించి ఇవతలికి తెస్తారు. ఊళ్ళో తిరునాళ్ళు జరుగుతుంది. గుర్రం పిల్లల్ని వేలం వేస్తారు. పెద్ద గుర్రాలు మళ్ళీ ఈదుకుంటూ దీవికి వెళ్ళిపోతాయి. మంద నూటయాభైకి మించకూడదని నియమం. అంతకన్నా పెరిగితే దీవిలో గడ్డి చాలదు. అమ్మిన డబ్బుతో దళం నడుస్తుంది, గుర్రాలకి పశువైద్యుడూ వస్తాడు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. కొన్ని పిల్లల్ని ఒక షరతు మీద వేలం వేస్తారు. కొన్నవాళ్ళు డబ్బు కడతారు, పిల్లకి పేరు పెడతారు, కాని ఇంటికి తీసుకుపోరు! ఆ పిల్ల తిరిగి దీవికే పోయి జీవితమంతా అక్కడే బతుకుతుంది. పెరడు లేని వాళ్ళు, పట్నంలో రెండు గదుల్లో కాపురం ఉండేవాళ్ళు కూడా ఇలా ఒక గుర్రాన్ని పెంచుకున్నట్టే అవుతుంది. దత్తత అంటే తెచ్చి గుమ్మానికి కట్టెయ్యడం ఒక్కటే కాదన్నమాట.

అదే అమెరికాలో పడమటి వైపు కథ ఇంకో రకం. నెవాడా రాష్ట్రంలో వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ ఉండేది. చిన్నతనంలో పోలియో వచ్చి బాధపడిన మనిషి. ఒక ఆఫీసులో సెక్రటరీ. 1950లో ఒక రోజు పనికి వెళ్తూ, ముందు పోతున్న లారీలోంచి నెత్తురు కారడం చూసింది. వెంట వెళ్ళి చూస్తే లోపల అడవి గుర్రాలు. విమానాలతో తరిమి, పట్టి, కుక్కల తిండి తయారుచేసే చోటికి తోలుకుపోతున్నారు. ఆవిడ ఊరుకోలేదు. సభల్లో మాట్లాడింది, ఉత్తరాలు రాసింది, రాయించింది. ఎగతాళిగా "అడవి గుర్రాల ఆనీ" అని పిలిస్తే ఆ పేరునే గర్వంగా పెట్టుకుంది. 1959లో విమానాలతో, మోటారు బళ్ళతో గుర్రాల్ని వేటాడటం నిషేధిస్తూ చట్టం వచ్చింది. బడి పిల్లలు వేలకొద్దీ ఉత్తరాలు రాశారు. 1971 డిసెంబరు 15న ఆ గుర్రాలకి పూర్తి రక్షణ ఇచ్చే చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టాడు. గమనించారా? శ్రీహరికోటలో మొదటి రాకెట్టు ఎగిరిన సంవత్సరమే అది.

కథ అక్కడితో అయిపోలేదు. చంపడం ఆగింది గాని మందలు పెరిగాయి. నాలుగైదేళ్ళకి రెట్టింపయ్యే జంతువు. ఎండిన నేలలో మేత చాలదు. అప్పుడు ప్రభుత్వమే గుర్రాల్ని పట్టి జనానికి దత్తత ఇవ్వడం మొదలుపెట్టింది. 1973లో ఒక కొండప్రాంతంలో ప్రారంభమై, 1976 నాటికి దేశమంతా పాకింది. ఇప్పటికి 2,80,000కి పైగా గుర్రాలు, గాడిదలు ఇళ్ళకి చేరాయి. ఊరికే ఇవ్వరు. ఒక్కో గుర్రానికి కనీసం 400 చదరపు అడుగుల ఆవరణ ఉండాలి. మచ్చిక కాని పెద్ద గుర్రానికి ఆరడుగుల కంచె కావాలి. ఎండావానలకి నీడ ఉండాలి. 1978 నించి ఇంకో నియమం కూడా పెట్టారు. దత్తత తీసుకున్న రోజునే గుర్రం మీది కాదు. ఏడాదిపాటు బాగా చూసుకున్నారని తేలాకనే హక్కు కాగితం ఇస్తారు. కొన్ని జైళ్ళలో ఖైదీలు ఈ గుర్రాల్ని మచ్చిక చేసి దత్తతకి సిద్ధం చేస్తారు. గుర్రం, మనిషి ఇద్దరూ నెమ్మదిస్తారని అంటారు.

ఇంత చేసినా చిక్కు తీరలేదు. దత్తతలు తగ్గిపోతే 2019లో ఒక్కో గుర్రానికి వెయ్యి డాలర్లు ఎదురిస్తామన్నారు. ఏమైంది? డబ్బు కోసం తీసుకున్నవాళ్ళు కొందరు, ఏడాది నిండి హక్కు చేతికి రాగానే సంతలో అమ్మేశారు. అక్కణ్ణించి కబేళా వ్యాపారుల చేతుల్లో పడ్డాయని 2021లో పత్రికలు బయటపెట్టాయి. 2024 నాటికి బయలు మీద డెబ్భై వేలకి పైగా, ప్రభుత్వపు దొడ్లలో అరవై వేలకి పైగా జంతువులు ఉన్నాయి. దయ ఉంది, చట్టం ఉంది, డబ్బు ఉంది. ఐనా మంద పెరిగే వేగానికీ, ఇళ్ళు దొరికే వేగానికీ పొంతన కుదరలేదు. షింకొటీగ్‌లో ఎందుకు కుదిరింది? మందకి హద్దు ఉంది, మంద ఫలానా వాళ్ళదని తెలుసు, ఏటా లెక్క చూసే ఒక రోజు ఉంది.

ఇదంతా మనకి కొత్తేం కాదు సుమండీ. మన పల్లెల్లో ఆబోతు సంగతి గుర్తు చేసుకోండి. పెద్దలు పోయినప్పుడు వారి పేర మంచి కోడెదూడని ముద్ర వేసి దేవుడి పేర వదిలేవారు. ఒంగోలు సీమలో ఆ దూడని ఎంచడంలో ఊరి పెద్దలు ఎంతో జాగ్రత్త పడేవారు, వంకర ఉంటే ఒప్పుకునేవారు కారు. అది ఏ చేలో పడినా తరమరు. ఒకరిది కాదు, ఊరందరిదీ. ఒంగోలు జాతి అంత గొప్పగా నిలవడానికి ఆ ఆబోతులు ఒక కారణం. ఆ జాతే పందొమ్మిదో శతాబ్దంలో సముద్రం దాటి బ్రెజిల్ చేరి, మన నెల్లూరు పేరుతోనే "నెలోరె" అనిపించుకుని అక్కడి పశుసంపదకి ప్రాణమైంది. ఇంకా, పెయ్యదూడని మేపలేనివాళ్ళు పక్కింటికి సగపాలుకి ఇచ్చే పద్ధతి మనకి ఉంది. మేపినవారికి ఒక ఈత, ఇచ్చినవారికి ఒక ఈత. ఇవన్నీ దత్తతలే.

అందుకు ఎదురు పద్ధతి బందెలదొడ్డి. 1871 నాటి పశువుల చట్టం ప్రకారం, చేలో పడిన గొడ్డుని దొడ్లో పెడతారు. ఏడు రోజుల్లో సొంతదారు రాకపోతే చాటింపు వేస్తారు. మరో ఏడు రోజుల్లో కూడా రాకపోతే వేలం. కొన్నవాడు దాన్ని ఏం చేస్తాడో ఎవరూ అడగరు. ఆబోతుకి ఊరంతా యజమాని, బందెలదొడ్లో గొడ్డుకి ఎవరూ కారు. పదిమందిలో పాము చావదన్నట్టు, పూచీ పేరుపెట్టి ఒకరికి అప్పగించకపోతే అందరి గొడ్డూ ఎవరిదీ కాని గొడ్డవుతుంది. ఊరివాళ్ళు ఆబోతుని కాపాడగలిగారంటే, వాళ్ళంతా ఒకచోట ఉన్నారు గనక. ఊరే లేచిపోతే ఆ కట్టుబాటు కూడా లేచిపోతుంది.

సరే, ఇప్పుడు మనం చెయ్యగలిగింది ఏమిటి అంటారా? శ్రీహరికోట ఆవుల్ని మనం వెళ్ళి తోలుకురాలేం. అది కాపలా ఉన్న చోటు. పైగా నాలుగైదు తరాలు అడవిలో పుట్టిన పెద్ద ఆవుని తెచ్చి కొయ్యకి కడితే అది తిండి మానేస్తుంది, మనిషిని కుమ్ముతుంది. అలాగని ఆ అరుదైన అడవిలో మంద హద్దు లేకుండా పెరిగినా మంచిది కాదు, మొలిచిన మొక్క మొలిచినట్టే వాటి నోట్లోకి పోతుంది. షింకొటీగ్ చెప్పే పాఠం ఇక్కడ పనికొస్తుంది. పెద్దవాటిని ఉన్నచోటే ఉండనిచ్చి, పాలు విడిచిన దూడల్ని మాత్రం మచ్చిక చేసి, మేపగల ఇళ్ళకి ఇవ్వడం. ఇచ్చాక ఏడాదికి వెళ్ళి ఎలా ఉందని అడగడం. మేపలేని మనలాంటివాళ్ళు గడ్డి ఖర్చో, వైద్యం ఖర్చో పెట్టుకోవడం. గోశాలకి పండగనాడు ఒక రోజు పచ్చగడ్డి పంపడం కన్నా, ఒక్క ఆవుకి ఏడాది పొడుగునా మేత భారం మొయ్యడం గొప్ప సాయం.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఊళ్ళు కదలడం శ్రీహరికోటతో ఆగలేదు. గోదావరి గట్టున పోలవరం ముంపు ఊళ్ళు మన కళ్ళ ముందే కదిలాయి. రేవులకీ, కర్మాగారాలకీ, రోడ్లకీ ఇంకా కదులుతాయి. ఐతే చట్టం మారింది. 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టంలో పశువులున్న కుటుంబానికి కొట్టం కట్టుకోడానికి కనీసం 25,000 రూపాయలు ఇవ్వాలని ఉంది. కొత్త ఊళ్ళో పశువులకి నీళ్ళు, మేతబీడు చూపించాలని ఉంది. 1894 చట్టానికి కనిపించని ఆవు, 2013 చట్టానికి కనిపించింది. ఇది చిన్న సంగతి కాదు.

కాని కాగితం మీద ఉన్నది అడిగితేనే అందుతుంది. అడగవలసింది ఎవరు? పొద్దున్నే కుడితి పెట్టేది, పేడ తీసేది, ఏ ఆవు చూడితో ఉందో, ఏది వట్టిపోయిందో చూపుతోనే చెప్పగలిగేది ఎవరు? మనమే గదా. అధికారి పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడు మగవారు పొలం సర్వే నంబరు చెబుతారు. పక్కనే నిలబడి మనం కొట్టంలో ఉన్నవీ, అడవిలో మేస్తున్నవీ కూడా పేరుపేరునా చెప్పి రాయించాలి. మేతబీడు ఎక్కడ చూపిస్తారో అడగాలి. తీసుకుపోలేని పశువు ఉంటే, అది ఎవరింటికి పోతుందో కదిలే ముందే తేల్చుకోవాలి. ఆ ఒక్క పని ఆనాడు పులికాట్ ఒడ్డున జరిగి ఉంటే, శ్రీహరికోట అడవిలో పలుపు లేని మంద పుట్టేదే కాదు.